కోడిపుంజు బండ మీది దొంగకాడ

మంగళవారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు.

"వెందెలీన్ గారూ, మీరు పంపిన ఆకు చూశాను. కాడ మొదలు నుంచి కొస దాకా గోధుమ రంగే. ఇది మామూలు ఎర్రకాడ. మనకు కావలసింది ఇది కాదు, క్షమించండి."

పొయ్యి పక్కన నిలబడి రెండుసార్లు చదివాను. కోటు తగిలించుకుని అపొలెన ఇంటికి నడిచాను. మా ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఒక్క బంగాళాదుంపల మడి అడ్డం. ఆమె పాకలో మేక పాలు పితుకుతోంది.

"ఏమన్నారు?" అంది తల తిప్పకుండా.

"ఎర్రకాడట."

పాల ధార ఆగలేదు. "అయితే అయిపోయినట్టేగా."

సోమవారం నుంచి కోడిపుంజు బండను పేలుస్తామని క్వారీవాళ్ళకు జిల్లా ఆఫీసు అనుమతి ఇచ్చేసింది. అభ్యంతరాలుంటే శుక్రవారం పన్నెండు గంటల లోపల చెప్పుకోవాలి. ఆ బండ కింద ఒక ఊట ఉంది. మా చివరి నాలుగిళ్ళకు మిగిలిన నీళ్ళు అవే. ఇదివరకు ఇక్కడ రెండు బావులుండేవి, ఒకటి అపొలెనది, ఒకటి నాది. కింది బండను పేల్చిన ఏడాది రెండూ ఎండిపోయాయి. పేలుడు మందు పెట్టడానికి ఆ బండకు బెజ్జాలు తొలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముప్పై నాలుగేళ్ళు ఆ క్వారీలోనే డ్రిల్లు పట్టాను. అపొలెన మొగుడు హీనెక్ నా జతగాడు. వాడు పోయి ఆరేళ్ళయింది. ఇరవై రెండు మేకలూ, వాటి పాలతో చేసే జున్నూ, ఇవే అపొలెన బతుకు. ఊట పోతే మేకల్ని అమ్మేసి పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానంది. ఏడుస్తూ అనలేదు. అందుకే నిజంగా వెళ్తుందని తెలిసింది.

నీళ్ళు పోతాయని ఆఫీసులో చెప్పి చూశాం. నీళ్ళ గొట్టం వేయిస్తామని క్వారీవాళ్ళు రాసిచ్చారు, కాబట్టి అది అభ్యంతరం కిందికి రాదన్నారు. బండ మీద చట్టం ప్రకారం కాపాడవలసిన మొక్క ఉంటే మాత్రం ఎవరూ ముట్టుకోలేరట. మనుషులు తాగే నీళ్ళకన్నా వేలెడంత మొక్క గట్టిదని ఆ రోజు తెలుసుకున్నాను.

ఆ మొక్క గురించి నాకు చెప్పింది డాక్టరమ్మే. పేరు హెడ్వికా, పట్నం మ్యూజియంలో పని. అయిదేళ్ళ క్రితం మా బండలన్నీ తిరిగింది. తాడు పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్ళింది. మా కొండంతా పామురాయి. పచ్చగా, నూనె రాసినట్టు, పాము ఒంటి మీది మచ్చలతో ఉంటుంది. ఆ రాతి పగుళ్ళలో చిన్న ఫెర్న్ మొక్కలు వేలాడతాయి. సన్నని కాడ, దానికి అటూ ఇటూ మినపగింజంత ఆకులు. మా అవ్వలు ప్లీహం ఉబ్బితే దాన్నే కాచి తాగించేవాళ్ళు. మాకది ఒకటే మొక్క. డాక్టరమ్మకు మాత్రం మూడు.

"కాడ చూడండి వెందెలీన్ గారూ, ఆకు చూడొద్దు," అనేది. కాడ కొస దాకా ముదురు గోధుమ రంగుంటే ఎర్రకాడ. ఎక్కడపడితే అక్కడ, చర్చి గోడ మీద కూడా మొలుస్తుంది. అడుగున కాస్త తప్ప మిగతా కాడంతా పచ్చగా ఉంటే పచ్చకాడ. ఈ రెంటికీ ఎప్పుడో పుట్టింది మూడోది. ముప్పాతిక వంతు తండ్రిలా గోధుమ రంగు, కొసన పావు వంతు తల్లిలా పచ్చ. పామురాయి మీద తప్ప దాదాపు ఎక్కడా బతకదు. దొంగచాటుగా పుట్టినదని దాన్ని నేను దొంగకాడ అన్నాను. డాక్టరమ్మ నవ్వి, పుస్తకంలో కూడా దాని పేరు అలాంటిదేనంది. ఆ ఏడు కోడిపుంజు బండ మీద ఎంత వెతికినా దొరకలేదు.

నాకు దొరికింది, పోయిన సెప్టెంబరులో పుట్టగొడుగుల కోసం తిరుగుతుంటే. దక్షిణం గోడలో, నా మెడ ఎత్తున. ఒక ఆకు తెంపి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఈ ఏప్రిల్లో నోటీసు అంటించాక గాని దాన్ని కవర్లో పెట్టి పంపలేదు.

"తెంపినప్పుడు పచ్చగానే ఉంది కొస," అన్నాను అపొలెనతో.

"మరి ఆవిడకు ఎర్రగా ఎట్లా కనపడింది? కళ్ళద్దాలు మార్చిందా?"

"తెలీదు."

అపొలెన చెయ్యి ఆగింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావు దాన్ని?"

"తడక మీద."

"ఏ తడక?"

"పుట్టగొడుగులు ఎండబెట్టే తడక."

"పొయ్యి మీదా?"

"ఊఁ."

ఆమె స్టూలు మీంచి లేచి నిలబడింది. మేక బకెట్టు తన్నేసింది, అయినా చూడలేదు. "వెందన్నా, నీ బుర్ర కూడా ఆ తడక మీదే ఎండబెట్టావా? సోయికూర ఆ పొయ్యి మీద పెడితే ఏ రంగుకొస్తుంది? కాడలు పచ్చగా ఉంటాయా?"

ఉండవు. గడ్డి రంగుకొచ్చి, ఆపైన గోధుమ రంగుకొస్తాయి. అరవై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాను. అడవి నుంచి ఏది తెచ్చినా మా చేతులు ఆ తడక మీదికే పోతాయి, పుట్టగొడుగైనా, మందాకైనా. అదొక ఆలోచన కాదు. బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టినట్టే.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"పొయ్యి మీదా?" అంది. "అయ్యో, నేనైనా అడగలేదు. వినండి. ఎండినదానితో ఇక పని లేదు. బండ మీద పెరుగుతున్నదాన్ని చూపించాలి. శుక్రవారం పదకొండుకు ఆఫీసాయన్ని వెంటబెట్టుకుని వస్తాను. నా కాలికి కట్టు ఉంది, ఎక్కలేను. మీరే చూపించాలి."

"చూపిస్తాను. అది ఎక్కడుందో నాకు తెలుసు," అన్నాను.

బుధవారం పొద్దున్నే వెళ్ళాను. మలుపు తిరగకముందే చప్పుడు వినపడింది. గునపం రాతికి తగిలే చప్పుడు నిద్రలోనైనా పోల్చుకుంటాను. డ్రిల్లు వేసే ముందు గోడ దులుపుతారు. తాళ్ళ మీద వేలాడుతూ వదులు రాయి, నాచు, వేరు, పొద, ఏదుంటే అది గీకి కిందికి తోస్తారు, పనివాళ్ళ నెత్తిన ఏదీ పడకుండా. నేనూ చేసిన పనే. శ్రద్ధగా చేసేవాణ్ణి.

దక్షిణం గోడ నున్నగా గీసిన గడ్డంలా ఉంది.

మేస్త్రీ రాదిమ్ కింద నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. మా ఊరివాడే. డ్రిల్లు పట్టడం నా దగ్గర నేర్చుకున్నాడు.

"ఏం బాబాయ్, ఇంట్లో చేతులు ఊరుకోవడం లేదా? రా, ఒక గునపం ఖాళీగా ఉంది."

"ఎప్పుడు దులిపారు ఇటువైపు?"

"నిన్న సాయంత్రం. ఏం, బాగా లేదా? నువ్వు నేర్పిన పనేగా."

నేను రాళ్ళకుప్ప మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. మట్టి, నాచు, విరిగిన వేళ్ళు. గంటన్నర చేతులతో తవ్వాను. పైనుంచి ఒకడు అరిచాడు. "మేస్త్రీ, ముసలాయనకు పళ్ళసెట్టు పడిపోయిందా?" అందరూ నవ్వారు. రాదిమ్ నవ్వలేదు గాని, వాళ్ళను ఊరుకోమని కూడా అనలేదు.

మొక్క దొరికింది. రాయి కింద నలిగి ముద్దయిపోయింది. కాడలన్నీ మొదటికే విరిగాయి. పచ్చటి కొస ఒక్కటీ మిగల్లేదు. మిగిలినా ఏం లాభం? రాళ్ళకుప్పలోది ఎక్కణ్ణుంచైనా తెచ్చి పడేయొచ్చంటారు, బండ మీద పెరుగుతున్నదే చూపించాలని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది.

"ఒక్కటే ఉందా?" అని అడిగింది అపొలెన, ఊట దగ్గర బిందె నింపుకుంటూ.

"ఒక్కదాన్నే చూశాను."

"చూడనివి ఉండొచ్చుగా." అలా అని నా వంక చూసింది. నేను తాడు తేవడానికి ఇంటికి పోయాను.

గురువారం తెల్లవారిన దగ్గర్నుంచి మంచు కలిసిన వాన. క్వారీవాళ్ళు పని ఆపేసి పోయారు. దులపకుండా మిగిలింది పడమటి గోడా, ఉత్తరం భుజమూ. పైన ఉన్న పైన్ చెట్టుకు తాడు కట్టుకుని పడమటి గోడ మీదికి దిగాను. పగులు పగులుకీ ఆగి చూశాను. ఎర్రకాడలు. రెండేళ్ళ నాటి ఆకులు రాలి, ఉత్త కాడలు నల్లటి ఇనుప తీగల్లా నిలబడ్డాయి. ఒక్కొక్క కాడనూ వేళ్ళ మధ్య కొస దాకా జరిపి చూశాను. గోధుమ రంగు. గోధుమ రంగు. ఇంకొంచెం కిందికి దిగితే గడ్డిపరకల్లా చీలిన ఆకులది ఒకటి, వెల్లుల్లి రెమ్మలంత ఆకులది ఒకటి. ఇవీ ఆ మందాకుల చుట్టాలేనని డాక్టరమ్మ చెప్పింది గాని మాకు అక్కరకొచ్చే చుట్టాలు కావు. తడిసిన మూలలో రెండు పచ్చటి కొసలు కనపడ్డాయి. తిప్పి చూస్తే కాడంతా దాదాపు అడుగు దాకా పచ్చే, ఉత్త పచ్చకాడలు.

మధ్యాహ్నానికి వేళ్ళకు స్పర్శ పోయింది. కాడను వేలితో పట్టుకోలేక పెదవులతో పట్టుకుని చూశాను. రొట్టె మీద పందికొవ్వు రాసి, ఉల్లిపాయ పెట్టి అపొలెన తాడుకు కట్టి దించింది. తాడు మీదే వేలాడుతూ తిన్నాను.

మూడు గంటలప్పుడు చూశాను దాన్ని. అడుగున గోధుమ రంగు, కొసన లేత పచ్చ. "అపొలెనా!" అని అరిచాను. జీవితంలో అంత గట్టిగా అరిచిన గుర్తు లేదు. పైనుంచి ఆమె, "ఉందా? ఉందా అన్నా?" అంటోంది. ఫోన్ తీసి డాక్టరమ్మకు చెప్పాను.

"కొస విప్పుకుందా, చుట్టుకునుందా?" అంది.

చూశాను. కొస సన్నగా, నత్తగుల్లలా చుట్టుకుని ఉంది.

"వెనక గోధుమ పొడి గీతలున్నాయా?"

"లేవు."

"వెందెలీన్ గారూ..." అంది నెమ్మదిగా. "అది ఈ వసంతంలో పుట్టిన ఆకు. ఎర్రకాడది కూడా లేతగా ఉన్నప్పుడు కొస పచ్చగానే ఉంటుంది. ముదిరితే రంగు మారుతుంది. పోయిన ఏటి ఆకు చూడాలి, వెనక పొడి గీతలున్నది. అదే మొక్కకు పాతవి ఉన్నాయా?"

ఉన్నాయి. కొస దాకా గోధుమ రంగువి.

పైకెక్కి వచ్చాను. అపొలెన నా మొహం చూసింది. తాడు చుట్ట చుట్టుకుంటూ, "పట్నంలో మా చెల్లెలి ఇల్లు అయిదో అంతస్తు," అంది. "కిటికీలోంచి ఇంకో కిటికీ కనపడుతుంది."

శుక్రవారం పొద్దున్న వాన ఆగింది. ఏడున్నరకు ఉత్తరం భుజం కింద నిలబడి పైకి చూశాను. అక్కడ బండ కోడిపుంజు రొమ్ములా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కింద నీడ. పైనుంచి దిగితే తాడు గాలిలో వేలాడుతుంది గాని గోడ అందదు. దులిపేవాళ్ళు కూడా దాన్ని చివరికి వదిలేస్తారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రొమ్ము కింద ఒక బెజ్జం ఉంది. ముప్పై ఏళ్ళ నాటి మాట. ఈ బండ పనికొస్తుందా లేదా అని చూడ్డానికి కింది నుంచి కొయ్య పరంజా కట్టి నేనూ హీనెక్కూ తొలిచాం. మీటరు లోపలికి పోయాక డ్రిల్లు ఇరుక్కుని ముక్క విరిగింది. మేస్త్రీ తిట్టాడు. హీనెక్ మట్టి ముద్ద చేసి బెజ్జం నోరు కప్పేసి, "పడుకో తల్లీ," అన్నాడు. పరంజా విప్పేశాం. అంతే, మళ్ళీ ఎవరూ అటు పోలేదు. నీడ, తేమ, పామురాయి, బెజ్జంలో గుప్పెడు మట్టి.

"నువ్వు తాడు పడతావా?" అన్నాను అపొలెనతో.

"నా బరువెంత, నీ బరువెంత?"

"చెట్టుకు రెండు చుట్లు తిప్పు. బరువు చెట్టు మోస్తుంది. నేను ఊగుతాను. 'వదులు' అంటే వదులు, 'ఆపు' అంటే ఆపు."

"హీనెక్ ఉంటే తన్నేవాడు నిన్ను."

"తన్నాక తాడు పట్టేవాడు."

దిగాను. అంచు దాటాక కాళ్ళ కింద ఏమీ లేదు. ఊగాను. మొదటిసారి చేతికి గోడ తగిలి జారింది. రెండోసారి మోచెయ్యి గీసుకుపోయింది. మూడోసారి ఒక పగులులో వేళ్ళు దూర్చి పట్టుకున్నాను. మొహానికి జానెడు దూరంలో ఆ బెజ్జం. గుండ్రంగా, నా చేత్తో తొలిచింది. దాని నోట్లోంచి వేలాడుతోంది ఒక కుదురు.

చెయ్యి పెట్టడానికి భయమేసింది. కళ్ళతోనే చూశాను. పాత ఆకులు పన్నెండు. చుట్టుకున్న లేతవి మూడు. పాతవాటిలో ఒకదాన్ని ఊపిరి బిగబట్టి వెనక్కి తిప్పాను. వెనక పొడి గీతలు. కాడ అడుగున గోధుమ రంగు, ముప్పాతిక దాకా గోధుమ రంగే, అక్కణ్ణుంచి రంగు మారి కొస దాకా పచ్చ. ఇంకొకటి తిప్పాను. పచ్చ. మూడోది. పచ్చ.

"ఉందా?" అంది పైనుంచి.

నిన్నటిలా అరవలేదు. "ఆపు," అన్నాను. "అట్లాగే పట్టుకో."

ఒక్కటంటే ఒక్క ఆకు తెంపాను. జేబులో పెట్టుకోలేదు. తడి నాచు టోపీలో వేసి, దాని మధ్య పెట్టి, టోపీని పళ్ళతో కరిచి పట్టుకున్నాను.

పదకొండుకు ఊట దగ్గర మేమిద్దరం కాక నలుగురున్నారు. చంకల కింద కర్రలతో డాక్టరమ్మ, ఆమెను కారులో తెచ్చిన మొగుడు, తోలు బూట్లతో ఆఫీసాయన, పక్కన రాదిమ్. అపొలెన అరచేతులు తాడు ఒరుసుకుని ఎర్రబడ్డాయి. వాటిని ఊట నీళ్ళలో ముంచి కూర్చుంది.

"ఏం బాబాయ్, టోపీలో గుడ్లు తెచ్చావా?" అన్నాడు రాదిమ్.

డాక్టరమ్మ భూతద్దం కంటికి ఆనించింది. ఆకును తిప్పింది, మళ్ళీ తిప్పింది. గోటితో పొడి గీత ఒకటి గీకి తెల్లకాగితం మీద రాల్చి చూసింది. నేను ఆమె మొహం చూడలేక ఊట చూస్తూ నిలబడ్డాను.

"ఇదే," అంది. "అనుమానం లేదు."

ఆఫీసాయన గడియారం చూసుకున్నాడు. "ఆకు సరేనండీ. ఈ బండ మీదిదేనని నేనెట్లా రాయను? మొక్కను చూడాలి."

"అదిగో, ఆ రొమ్ము కింద," అన్నాను. "తాడు ఉంది. దిగండి."

ఆయన పైకి చూశాడు. తన బూట్ల వంక చూసుకున్నాడు.

"నేను దిగుతాను," అన్నాడు రాదిమ్.

వాడి నడుముకు గునపం వేలాడుతోంది. చెయ్యి ఒకసారి విదిల్చితే చాలు, పన్నెండింటికి ఆ బెజ్జం ఉత్త బెజ్జం. డాక్టరమ్మ నా వంక చూసింది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. అక్కడున్నవాళ్ళలో తాడు మీద దిగగలిగినవాళ్ళం ఇద్దరమే, నేనూ, నేను నేర్పినవాడూ. నా చేతుల్లో మళ్ళీ గోడకు వేలాడే బలం మిగల్లేదు.

"తాడు నేను పట్టను వాడికి," అంది అపొలెన.

పైకెక్కి నేను పట్టాను. వాడు అంచు దాటి కిందికి పోయాడు. పైనుంచి నాకేం కనపడదు, తాడు బిగువు తప్ప. ఊగాడు. ఆగాడు. తాడు చాలాసేపు కదల్లేదు. రాతికి ఇనుము తగిలిన చప్పుడు ఒకటి వినపడింది. తాడు వదిలేద్దామన్నంత పాడు ఆలోచన కూడా వచ్చిపోయింది, అది దాచుకోవడం ఎందుకు. వదల్లేదు.

"లాగు," అన్నాడు కిందినుంచి.

పైకొచ్చాడు. ఇద్దరం కిందికి నడిచొచ్చాం. ఆఫీసాయన కాగితాలు తెరిచి పట్టుకున్నాడు.

"పదకొండు ఆకులు," అన్నాడు రాదిమ్. "మూడు లేతవి. ఒకటి తెంపిన గుర్తు పచ్చిగా ఉంది. రాసుకోండి." కాస్త ఆగి, "పట్టు కోసం గునపం గుచ్చాను, దానికి మూరెడు అవతల. అది కూడా రాసుకోండి కావాలంటే," అన్నాడు.

ఆయన రాసుకున్నాడు. చర్చి గంట పన్నెండు కొట్టేసరికి ఇంకా సంతకం చేస్తూనే ఉన్నాడు. కొండంతా మళ్ళీ వెతికి లెక్క తేల్చేదాకా కోడిపుంజు బండను ముట్టుకోకూడదు. ఆ లెక్క శరదృతువులోనట. అప్పుడు ఏమని తేలుస్తారో ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ కూడా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

రాదిమ్ వంగి దోసిలితో ఊట నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకుని, "సోమవారం మనుషులకు ఏం పని చెప్పాలో నాకు తోచడం లేదు బాబాయ్," అన్నాడు. నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక అపొలెన బిందె నింపుకుంది. నేను టోపీలోని నాచు ఊటలో తడిపాను.

"ఆ బెజ్జం మీరిద్దరూ తొలిచిందేగా," అంది.

"ఊఁ." నాచు సర్దుతూ, "మీ బావి పోయింది కూడా నేను తొలిచిన బెజ్జాల వల్లే," అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"తెలుసు. హీనెక్ చెప్పాడు. తను తొలిచినవి కూడా ఎన్నో లెక్క చెప్పాడు." బిందె నడుముకెత్తుకుంది. "ఆ ఆకును ఏం చేస్తావు?"

"డాక్టరమ్మ నా దగ్గరే ఉంచమంది. లెక్కకు వచ్చినప్పుడు చూపించాలట."

"ఎక్కడ పెడతావు?"

నాకు పొయ్యి మీది తడకే గుర్తొచ్చింది.

"ఇటివ్వు," అంది, చెయ్యి చాచి. "నీ ఇంట్లో మాత్రం వద్దు."